పెరిగిన ధర ఎవరి సొత్తు?

చవకగా సంపాదించిన యింటిని పెరిగిన ధరకు అమ్ముకోవడం తప్పా? యీ ప్రశ్నకు నిష్పాక్షికంగా జవాబు చెప్పగల అర్హత నాకు లేదని ముందే వొప్పుకుంటాను. నా చిన్నతనంలో వొక సహకార సంఘం మా నాన్నగారికి హైదరాబాదు శివార్లలో తక్కువ ధరకు స్థలం యిచ్చింది. పదేళ్లకు ఆయన దాన్ని ఎన్నో రెట్లకు అమ్మారు. నా ఎం.ఏ. చదువు, మా చెల్లెలి పెళ్లి ఆ డబ్బుతోనే జరిగాయి.

అమెరికాలో వాషింగ్టన్ నగరాన్ని ఆనుకొని మాంట్‌గొమరీ కౌంటీ అనే సంపన్న శివారు ప్రాంతం వుంది. 1974లో అక్కడ వొక చట్టం వచ్చింది. దాని ప్రకారం అప్పట్లో 50, అంతకు మించి యిళ్లు కట్టే ప్రతి బిల్డరూ వాటిలో నూటికి 15 తక్కువ ఆదాయం వారికి అందే ధరకు యివ్వాల్సి వుండేది. అందుకు బదులుగా మామూలు అనుమతికన్నా ఎక్కువ యిళ్లు ఆ నేలలోనే కట్టుకోవచ్చు. వేల యిళ్లు అలా వచ్చాయి. అయితే ధరకు వేసిన కట్టు మొదట 5 ఏళ్లే. గడువు తీరిన యిల్లు బజారు పాలయింది. తరువాత వచ్చిన కుటుంబానికి మళ్లీ తలుపు మూసుకుంది. 1981లో గడువు 10 ఏళ్లయింది. 2005లో అమ్మే యిళ్లకు 30 ఏళ్లు, అద్దె యిళ్లకు 99 ఏళ్లు చేశారు. చేసిన పొరపాటు దిద్దుకోవడానికి మూడు దశాబ్దాలు పట్టిందన్నమాట.

వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ 1984లో మరో దారి తొక్కింది. అక్కడ నేల ఎప్పటికీ వొక ప్రజా ట్రస్టుదే. కొన్నవాడికి యిల్లు సొంతం, నేల దీర్ఘకాలపు కౌలు. అమ్మేటప్పుడు తాను పెట్టిన సొమ్ముతోపాటు పెరిగిన విలువలో నూటికి 25 వంతులు తీసుకుంటాడు. మిగిలింది తరువాతి కుటుంబానికి తగ్గింపు ధరగా యింటితోనే వుండిపోతుంది. యిటువంటి ట్రస్టులకు మూలం 1969లో జార్జియాలో నల్లజాతి రైతులకోసం ఏర్పడిన న్యూ కమ్యూనిటీస్. దాని స్థాపకులలో వొకడైన రాబర్ట్ స్వాన్‌కు వినోబా గ్రామదానం స్ఫూర్తి. గ్రామదానమేమో 1951లో మన పోచంపల్లిలో పుట్టిన భూదానం నుంచి ఎదిగింది. భూదానం తెలంగాణా రైతాంగ పోరాటంమీద నీళ్లు చల్లే ఎత్తుగడ అని మనవాళ్లన్నారు. నేనూ ఆ మాటే అంటాను. అయినా నేల వూరిది, సాగు రైతుది అన్న ఆలోచన సముద్రం దాటి యిళ్ల సమస్యకు అక్కరకు వచ్చిందంటే కాదనలేను.

యిదంతా తరగతిలో చెప్పినప్పుడు వొక విద్యార్థి లేచాడు: “పేదవాడి యింటికేనా సార్ యీ కట్టు? పక్క బంగళా వాడి లాభాన్ని ఎవరు ఆపుతున్నారు?” ఆ రోజు నాకు సరైన జవాబు తోచలేదు. యిప్పటికీ ఆ ప్రశ్నలో న్యాయముంది. రోడ్డు, బడి, రైలు వచ్చి ధర పెరిగితే అందులో బంగళా యజమాని శ్రమ ఎంత? అతడి లాభం జోలికి పోనంతవరకు యీ ట్రస్టులు సగం న్యాయమే చేస్తాయి. 1872లో ఎంగెల్స్ గృహసమస్యపై వ్రాస్తూ, కార్మికుణ్ణి చిన్న యింటి యజమానిని చేస్తే చాలునన్న ప్రూధోన్ శిష్యులను దుయ్యబట్టింది వూరికే కాదు.

కాని సగం న్యాయమని దాన్ని వదులుకోమనలేను. మా నాన్నగారికి దక్కిన తగ్గింపు ఆయన చెమటోడ్చి సంపాదించింది కాదు. మాలాంటి వారందరికోసం పెట్టింది. దాన్ని మేము వొక్కళ్లమే కరగదీసుకున్నాం. ఆయన చేసింది చట్టానికి లోబడిందే, అవసరం కూడా నిజమే. ఫీజుకు, పెళ్లికి యిల్లు తప్ప మరో ఆధారం లేని సంసారాన్ని అమ్ముకోవద్దని శాసించే సమాజం ముందు ఆ ఫీజు సంగతి చూడాలి కదా!

ఆ స్థలంలో యిప్పుడు అయిదంతస్తుల భవనం లేచింది. మొన్న వెళ్లి వొక వాటా అద్దెకు అడిగాను. నా జీతంలో సగానికి పైగా చెప్పారు.