అనుద్దిష్ట హాస్యం: అర్ధరాత్రి చిత్రాల ప్రేక్షకుని నైతికత

ఒక కళాకృతి తాను ఉద్దేశించని నవ్వును పుట్టిస్తే, ఆ నవ్వు న్యాయమైనదేనా? పాశ్చాత్య దేశాల అర్ధరాత్రి చలనచిత్ర ప్రదర్శనలు ఈ ప్రశ్నను మన ముందుంచుతున్నాయి. 1970 డిసెంబరులో న్యూయార్క్‌లోని ఎల్గిన్ థియేటర్ 'ఎల్ టోపో' చిత్రాన్ని అర్ధరాత్రి వేళ ప్రదర్శించడంతో ఈ సంప్రదాయం స్థిరపడింది. 1976లో అదే నగరంలోని వేవర్లీ థియేటర్‌లో 'ది రాకీ హారర్ పిక్చర్ షో' అర్ధరాత్రి ప్రదర్శనలు మొదలయ్యాక, ప్రేక్షకులు పాత్రల వేషాలతో రావడం, తెరపై సంభాషణలకు బదులు పలకడం ఆచారమయ్యాయి. ఆ చిత్రం నవ్వించడానికే తీసినది కనుక అక్కడ నైతికమైన చిక్కు లేదు. నవ్వించదలచని చిత్రాల విషయంలోనే చిక్కు ఏర్పడుతుంది.

ఎడ్ వుడ్ తీసిన 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' ఇందుకు తగిన ఉదాహరణ. 'డ్రాకులా' పాత్రతో ప్రసిద్ధుడైన బేలా లుగోసి 1956 ఆగస్టులో మరణించాడు. వుడ్ అంతకుముందే చిత్రీకరించిన కొద్దిపాటి దృశ్యాలను ఇందులో చేర్చి, మిగిలినచోట్ల మరొక వ్యక్తిని నల్లని పైవస్త్రంతో ముఖం కప్పుకొని నడిపించాడు. వుడ్ 1978లో పేదరికంలో మరణించాడు. 1980లో వెలువడిన ఒక గ్రంథం దీనిని అత్యంత అధమ చిత్రంగా ప్రకటించింది. ఆ అపకీర్తే చిత్రాన్ని విస్తృత ప్రేక్షకలోకానికి చేర్చింది. తీర్పు వెలువడేనాటికి ప్రతివాదం చెప్పడానికి దర్శకుడు లేడు.

అనౌచిత్యం వల్ల ఏర్పడే రసాభాసం హాస్యానికి దారితీస్తుందని అభినవగుప్తుడు వివరించాడు. భయానకం ఆభాసమైనచోట నవ్వు రావడం సహజమే, దానిని దోషమనలేము. అయితే నవ్వులన్నీ ఒక్కటి కావు. స్మిత, హసితాలను ఉత్తములకు, విహసిత, ఉపహసితాలను మధ్యములకు, అపహసిత, అతిహసితాలను అధములకు భరతుడు చెప్పాడు. ఈ విభజన పాత్రల ప్రకృతిని బట్టి చేసినదే అయినా ప్రేక్షకునికీ అన్వయించవచ్చు.

పరాజితుని చూసి నవ్వడం కలవారి అహంకారమే అన్న ఆక్షేపణ ఉంది. అందులో కొంత సత్యం లేకపోలేదు. 'అధమ చిత్రం' అన్న ముద్రను చూసి వచ్చినవాడు తన అభిరుచిని తానే మెచ్చుకోవడానికి నవ్వుతాడు. కాని తిరస్కారం ఒకసారి నవ్వి వెళ్లిపోతుంది, మళ్లీమళ్లీ రాదు. ప్రతి దృశ్యమూ కంఠస్థమైన ప్రేక్షకుడు ఆ పైవస్త్రం వెనుక ఒక మిత్రుని మరణాన్ని, ధనాభావాన్ని, అయినా ఆగని ఒక మనిషి పట్టుదలను చూస్తాడు. అతడు అప్పుడూ నవ్వుతాడు, కాని ఆ నవ్వులో తన అశక్తత కూడా చేరి ఉంటుంది.

కాబట్టి ఇక్కడ ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించవచ్చు. దర్శకుడు పక్క ఆసనంలో కూర్చుని ఉన్నా మనం సిగ్గుపడకుండా నవ్వగల నవ్వే న్యాయమైనది. తక్కినది అపహసితం.