వర్నాక్యులర్ అను మాట

వర్నాక్యులర్ అను ఆంగ్లపదమునకు మన నిఘంటువులు దేశభాష యని అర్థము వ్రాయుచున్నవి. అర్థము తప్పు కాదు. కాని ఆ మాట పుట్టిన యిల్లు చూచినచో మనసు చివుక్కుమనును. లాటిను భాషలో వెర్నా యనగా యజమాని యింటనే పుట్టిన బానిస. సంతలో కొన్నవాడు కాడు. ఆ యింటి బానిసకే పుట్టి అచ్చటనే పెరిగినవాడు. ఆ పదమునుండి యింట బుట్టినది, స్వదేశపుది అను అర్థములు గల విశేషణ మేర్పడి, పదునేడవ శతాబ్దారంభమున ఇంగ్లీషులోనికి వచ్చినది. రోమకులు దీనిని ఎల్లప్పుడును నిందగా వాడలేదు. తమ సొంత లాటిను మాటలకును ఈ విశేషణమునే వాడిరి. నేటి వాస్తుశిల్పులు మన మండువా లోగిలిని వర్నాక్యులర్ శిల్పమని పిలుచునపుడు అది మెప్పే. ఇంటికి మెప్పైన మాట ఆ యింటివారి భాషకు తక్కువతన మెట్లైనది?

పలుకువాడు నిలుచున్న చోటునుబట్టి యని మేమనుకొందుము. తన్ను యజమానిగా నెంచుకొన్నవానికే ఎదుటివాని భాష వర్నాక్యులర్‌గా దోచును. 1878లో లిట్టను ప్రభువు కాలమున పుట్టిన వర్నాక్యులర్ పత్రికల చట్టము ఇంగ్లీషు పత్రికల జోలికి పోలేదు. అమృతబజారు పత్రిక అప్పుడే పూర్తిగా ఇంగ్లీషు పత్రికయై దానిని తప్పించుకొన్నది. ఒకే అభిప్రాయము ఒక భాషలో దండనార్హము, మరియొక భాషలో కాదు!

ఇది తెల్లవారితో ముగిసిన కథ యైనచో మేమింత వ్రాయనక్కరలేదు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో ఉన్నతవిద్య గరపి, ఆధునిక శాస్త్రములకు దేశభాష చాలునని నిరూపించినది. అది ఘనకార్యమే. అయినను ఆ రాజ్యమున ఎక్కువమంది పలుకు తెలుగున కా పీట దక్కలేదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలయందు కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగెను. అందు ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసిరి. గేలిచేసినవారు పరదేశ ప్రభువులు కారు, సంస్కరణ కోరి వచ్చినవారే! ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. పిమ్మట 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు బాలికలకు తెలుగున చదువు చెప్పించుటకు ఒక పాఠశాల పెట్టిరి. నేడది నారాయణగూడలో నున్నది. తెలుగు మాధ్యమమును సర్కారు ఒప్పనందున దానికి ఆ కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయమే ఆశ్రయమైనది. తెలుగు పిల్ల తెలుగున చదువుటకు పూనావారి గుర్తింపు కావలసివచ్చెను.

నేడు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున పోటీపరీక్షలకు చదువుకొను యువకులలో, తాము తెలుగు మాధ్యమమున చదివితిమని చెప్పునపుడు గొంతు తగ్గించువారు కలరు. వారిని చూచి మనము బాధపడుదుము, పడవలసినదే. కాని లంబాడీబిడ్డయో గోండుబిడ్డయో తెలుగు బడి గడప ద్రొక్కినపుడు అచ్చట యజమాని ఎవరు? ఆ బిడ్డ యింటిభాషకు మనము పెట్టిన పేరేమి? దానిని యాస యని కొట్టివేయు చదువరులు మనలోనే యున్నారు.

అంత దూరమేల? అంబర్‌పేటలోనో అశోక్‌నగరులోనో చదువుకొన్నవారి యింట, అంట్లు తోము ఆమెతో ఆడుకొను పిల్లవాడు "నాకు తెలుసు" అనుటకు మారుగా "నాకెరుకే" యనెనా, "పనిమనిషి మాటలు నేర్చినావా!" అని తల్లి కసరును. లాటిను రాకున్నను ఆ తల్లి వెర్నా యను పదమునకు సరియైన తెలుగు చెప్పినది. ఎఱుక యనునది మన ప్రాచీన కావ్యములలో జ్ఞానమునకు పేరు. ఆ అంట్లు తోము ఆమె కావ్యములు చదువలేదు. తన తల్లియొద్ద నేర్చినది.