ఎవరూ చూడని దానికి ప్రమాణం

కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉందనుకోవడం తర్కశాస్త్రంలో తొలి పాఠం. దానిమీద, కంటికి కనబడినదాన్నే ప్రమాణంగా ఒప్పుకునే చార్వాకులు వేసిన ప్రశ్నకు ఇప్పటికీ పదును తగ్గలేదు: పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న వ్యాప్తిని మూడు కాలాల్లోనూ తిరిగి చూసివచ్చినదెవరు? శిలల అయస్కాంతత్వాన్ని పరిశోధించే భూభౌతిక శాస్త్రవేత్తకు ఈ ప్రశ్న మరీ గట్టిగా తగులుతుంది. దక్కన్ నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట లావాగా పారినప్పుడు ఈ నేల భూమధ్యరేఖకు దక్షిణాన, దాదాపు 30 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉందంటాడాయన. చూసిన కన్ను లేదు, చెప్పిన నోరు లేదు. అయినా అది ఊహ కాదు, జ్ఞానమేనని నా వాదం.

లావా చల్లారుతూ 580 డిగ్రీల సెల్సియస్‌ దిగువకు వచ్చాక అందులోని మాగ్నెటైట్ రేణువులు అప్పటి భూ అయస్కాంత క్షేత్రం దిశను పట్టి ఉంచుతాయి. ఆ క్షేత్రం భూమధ్యరేఖ దగ్గర నేలబారుగా, ధ్రువాల దగ్గర నిట్టనిలువుగా ఉంటుంది కనుక రాతిలోని వాలును బట్టి అక్షాంశం లెక్కకట్టవచ్చు. ఖండాలు కదులుతాయంటే చాలామంది భూవిజ్ఞానులు ఒప్పుకోని రోజుల్లో, లండన్ ఇంపీరియల్ కాలేజీలో భౌతిక శాస్త్రవేత్త బ్లాకెట్ బృందంలోని క్లెగ్, ఆయన సహచరులు దక్కన్ రాళ్ళను కొలిచి 1956లో ఫలితాలు ప్రకటించారు.

మరి ఇన్ని కోట్ల ఏళ్ళలో ఆ రాతికి కొత్త అయస్కాంతత్వం అంటుకోలేదా? అంటుకుంది. పిడుగు పడినా అంటుకుంటుంది. న్యాయదర్శన పండితులైన నైయాయికులు ఇలాంటిదాన్నే ఉపాధి అన్నారు: నిప్పున్నంత మాత్రాన పొగ రాదు, తడి కట్టె ఉంటేనే వస్తుంది. అలాంటి షరతు దాగి ఉంటే అనుమానం, అంటే గుర్తును బట్టి చేసిన నిర్ధారణ, కూలిపోతుంది. ప్రయోగశాలలో జరిగేది దాన్ని పట్టుకునే పనే. రాతిని అంగుళం మందాన తొలిచి, బయటికి తీయకముందే దిక్కూ వాలూ గీతతో గుర్తిస్తారు. తర్వాత భూక్షేత్రం చొరబడని కొలిమిలో అంచెలంచెలుగా వేడిచేసి, ప్రతిసారీ చల్లార్చి కొలుస్తారు. ఇటీవల అంటిన బలహీనమైన భాగం సాధారణంగా ముందే పోతుంది. చివరిదాకా ఒకే దిశలో నిలిచిన భాగాన్నే లెక్కలోకి తీసుకుంటారు. పైగా దక్కన్ పొరల్లో చాలావాటి దిశ నేటి క్షేత్రానికి తలకిందులు. భూక్షేత్రం అప్పుడప్పుడూ తలకిందులవుతుంది కాని, గత 7.8 లక్షల ఏళ్ళుగా నేటి దిశలోనే ఉన్న క్షేత్రం ఆ దిశను ఇవ్వజాలదు. రాజమహేంద్రవరం దగ్గరి లావాలోనూ కింది పొర తలకిందులుగా, పై పొర నేటి దిశలో ఉండి దక్కన్ వరుసతో సరిపోలుతున్నాయి. ఇంత దూరాన అదే వరుస రావడాన్ని యాదృచ్ఛికమని కొట్టెయ్యలేం.

అన్నిటికంటే బలమైన ఆక్షేపం వేరే ఉంది. ఆనాటి క్షేత్రం కూడా నేటిలాగే రెండు ధ్రువాలతో ఉండేదని ఎలా తెలుసు? ఒక్క లావా పొరను నమ్ముకుంటే తెలియదు. క్షేత్రం తరచూ ఊగిసలాడుతుంది. అందుకే వేల ఏళ్ళ వ్యవధిలో పేరుకున్న అనేక పొరల సగటు తీస్తారు. అప్పుడు కూడా చార్వాకుడు కోరే సంపూర్ణ నిశ్చయం దొరకదని ఒప్పుకోవలసిందే. అయితే 1963లో భూభౌతిక శాస్త్రవేత్తలు వైన్, మాథ్యూస్ వివరించిన సముద్రగర్భపు అయస్కాంత పట్టీలు (క్షేత్రం తలకిందులైనప్పుడల్లా మారిన దిశను దాచుకున్న రాతి చారలు), రాతి వాలుతో నిమిత్తం లేకుండానే, హిందూ మహాసముద్రంలో భారత ఫలకం ఉత్తరానికి సాగిందని చూపిస్తున్నాయి. రెండు వేరువేరు హేతువులు ఒకే చోటికి తెచ్చినప్పుడు, సందేహించేవాడు కూడా తన సందేహానికి కారణం చూపాలి. అయితే రాతి వాలుకూ ఒక హద్దుంది: అది చెప్పేది అక్షాంశమే, రేఖాంశం కాదు. దక్కన్ రాయి భూమధ్యరేఖకు ఎంత దూరాన పుట్టిందో దాని వాలు చెబుతుంది. ఆఫ్రికాకు ఎంత దూరాన పుట్టిందో తెలియాలంటే మళ్ళీ ఆ సముద్రగర్భపు పట్టీలనే లెక్కపెట్టాలి.