నిమ్మకాయ

ద్వారకా తిరుమలకి కొత్త కార్లూ వస్తాయి, పాత కార్లూ వస్తాయి. కొత్తదానికి బంతిపూల దండ కాస్త పొడుగ్గా వేస్తారేమో గాని, మిగతా లాంఛనాలన్నీ సమానమే. పసుపు, కుంకం, కొబ్బరికాయ, కర్పూరం, ఆఖర్ని చక్రాల కింద నిమ్మకాయలు. బండి ముందుకి కదులుతుంది, నిమ్మకాయలు ఫట్టుమంటాయి, దిష్టి పోయిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఏలూరు మార్కెట్టుకి కాయ పంపే తోటలు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి గనక నిమ్మకాయకి లోటు లేదు.

అయితే ఓ తమాషా చూడండి. మనం నిమ్మకాయని కారు కింద పెడతాం. అమెరికా వాళ్లు కారునే నిమ్మకాయ అంటారు! పైకి నిగనిగలాడుతూ, కొన్నాక పళ్లు పులిసేలా చేసే కారుకి వాళ్ల వాడుకలో అది పేరు. 1970 లో జార్జి ఏకర్లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఈ నిమ్మకాయల బజారు మీదే ఒక వ్యాసం రాశాడు. మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. నాలుగోది వేసుకుంది. 2001 లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. (రచనలు తిరుగుటపాలో వస్తున్నాయని దిగులుపడే వాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.)

ఆయన చెప్పింది బ్రహ్మవిద్యేం కాదు. తాడేపల్లిగూడెంలో ఒకే రకం పాత కార్లు రెండు అమ్మకానికి ఉన్నాయనుకోండి. ఒకటి మంచిది, మూడు లక్షలు చేస్తుంది. రెండోది లొటారం, లక్ష చేస్తే గొప్ప. ఏది ఏదో అమ్మేవాడికి తెలుసు. కొనేవాడికి తెలీదు. అంచేత వాడు రెంటికీ మధ్యగా రెండు లక్షలంటాడు. మంచి కారు ఆసామి "రెండుకైతే నేనివ్వను" అని బండి షెడ్డులో పెట్టుకుంటాడు. లొటారం ఆసామి ఎగిరి గంతేస్తాడు. కొన్నాళ్లకి బజారులో లొటారాలే మిగుల్తాయి. ఆ సంగతి కొనేవాళ్లకీ తెలిసిపోతుంది, రెండు లక్షలు కూడా పెట్టరు. అంటే ఒకడు ఆడిన అబద్ధం వాడి బేరంతో పోలేదు. అబద్ధం ఆడని పెద్దమనిషి బండికి కూడా ధర లేకుండా చేసింది.

ఈ చిక్కు అన్ని పాత సరుకులకీ ఉన్నదే అయినా, చిన్న డీజిలు కారు దగ్గర మరీ ముదురుతుంది. ఎంచేతంటే, అది పైకి చెప్పేది ఒకటి, లోపల దాచుకునేది ఒకటి.

పైకి చెప్పేది మైలేజి. మనవాళ్లకి డీజిలు మీద మమకారం ఊరికే రాలేదు. పెట్రోలు ధర మీద సర్కారు అదుపు 2010 జూన్ లో ఎత్తేశారు. డీజిలు మీద 2014 అక్టోబరు దాకా ఎత్తలేదు. ఆ నాలుగేళ్లూ రెండింటి మధ్యా తేడా బాగా పెరిగిపోయి, జనం డీజిలు కార్ల కోసం ఎగబడ్డారు. లారీకీ, బస్సుకీ, రైతు ఇంజనుకీ భారం కాకూడదని తక్కువలో ఉంచిన నూనె కాస్తా షికారు బళ్లలోకి వెళ్లింది. ఫియట్ వాళ్ల 1.3 లీటర్ల ఇంజను మారుతిలోనూ, టాటాలోనూ, ఫియట్ లోనూ కనిపించి, "జాతీయ ఇంజను" అని ముద్దుపేరు కూడా తెచ్చుకుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ నిబంధనలు బిగించాక మారుతి డీజిలు కార్లే మానేసింది. అంచేత ఇప్పుడు చిన్న డీజిలు కారు కావాలంటే చాలావరకు పాతదాన్నే వెతుక్కోవాలి.

దాని సుగుణాలు కాదనలేం. ఐదుగురు ఎక్కినా మొరాయించదు. పొదుపుగా తాగుతుంది. సరిగ్గా చూసుకుంటే ఇంజను దీర్ఘాయుష్మంతురాలు. దుర్గుణాలా? నాజిళ్లు, పంపు, టర్బో. వీటిల్లో ఏది మూలపడినా మెకానిక్కు ముందు మౌనంగా తలూపుతాడు, తర్వాత కాయితం మీద అంకె వేస్తాడు. ఆ అంకె చూశాక ఇంటాయన కూడా మౌనంగా తలూపుతాడు.

పోనీ లెక్క వేద్దాం. లీటరు డీజిలు 97 రూపాయలు, పెట్రోలు 109 అనుకోండి. డీజిలు బండి లీటరుకి 20 కిలోమీటర్లు, పెట్రోలుది 16 ఇస్తుందనుకోండి. కిలోమీటరుకి తేడా రెండు రూపాయలకి ఓ నాలుగు పైసలు తక్కువ. కైకలూరు, ఆకివీడు చెరువుల చుట్టూ ఏడాదికి 25 వేల కిలోమీటర్లు తిరిగే చేపల వ్యాపారికి 49 వేలు మిగులుతుంది. ఆయన కొనుక్కోవాలి, తప్పులేదు. నెలకోసారి కొండకీ, ఏడాదికి నాలుగు పెళ్లిళ్లకీ కలిపి 3 వేల కిలోమీటర్లు తిరిగే సంసారికి మిగిలేది ఆరు వేల లోపే. ఒక్క నాజిలు దగ్గుతో అది కాస్తా హరీమంటుంది. అమ్మేవాడు మనకి నిజం చెప్పాలని కోరేముందు, నేను తిరిగేది ఎంత అని మనకి మనం నిజం చెప్పుకోవడం మంచిది.

సరే, అసలు ప్రశ్నకి వద్దాం. అమ్మేవాడు ఎంతవరకు చెప్పాలి?

బేరం ఎలా నడుస్తుందో మీకు తెలియంది కాదు.

"బండి ఎలా ఉందండీ బాబాయ్ గారూ?"

"బంగారం బాబూ! మొదట్నించీ నా ఒక్కడి చేతిలోనే ఉంది. మా వాడు హైదరాబాదు వెళ్లిపోయాడు గనక గాని, లేకపోతే అమ్ముదునా? పొద్దున్న తాళం తిప్పితే చాలు, పలుకుతుంది. మీరే చూసుకోండి."

ఇందులో ఒక్క అబద్ధమూ లేదు. ఒక్కరి చేతిలోనే ఉన్నమాట నిజం. కొడుకు వెళ్లిన మాట నిజం. పొద్దున్న పలికే మాటా నిజం. మధ్యాన్నం ఇంజను వేడెక్కాక పలకదన్నది మాత్రం ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు. అన్నీ నిజాలే పేర్చి కట్టిన అబద్ధం ఇది. కోర్టులో నిలుస్తుంది. మనస్సాక్షి దగ్గర నిలుస్తుందా?

ఈ తగువు కొత్తది కాదండోయ్. రోమునగరపు సిసిరో క్రీస్తుపూర్వం 44 లో తన కొడుకుని ఉద్దేశించి ధర్మాల మీద రాసిన గ్రంథంలో ఇదే ప్రస్తావించాడు. కారు లేదు గనక ఇల్లు తీసుకున్నాడు. ఇంటి దూలాలు పుచ్చిపోయాయి, పడగ్గదుల్లో పాములు తిరుగుతాయి, ఆ సంగతి యజమానికి తప్ప వేరెవరికీ తెలీదు. చెప్పి అమ్మాలా, చెప్పకుండా అమ్మొచ్చా? డయోజనిస్ అనే గురువు, నిన్నెవరూ కొనమని బలవంతపెట్టలేదు, చెప్పకపోవడం వేరు, మోసం వేరు అన్నాడట. ఆయన శిష్యుడే అయిన ఆంటిపేటరు, తెలిసి ఒకణ్ణి నష్టంలోకి నడవనివ్వడం దారి తప్పిన వాడికి దారి చూపకపోవడం కంటె ఎక్కువ పాపం అన్నాడట. సిసిరో తీర్పు శిష్యుడి పక్షాన ఇచ్చాడు.

మన సరుకుల అమ్మకం చట్టం 1930 నాటిది. కొనేవాడే చూసుకోవాలి అన్న పాత సూత్రం అందులో ఉంది, దానికి కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. చట్టం సంగతి సరే. 'చూసుకోవడం' అనేది చూడగలిగిన వాటికే వర్తిస్తుంది కదా! డోరు మీద గీత చూసుకోవచ్చు. టైరు అరుగుదల చూసుకోవచ్చు. మీటరు వెనక్కి తిప్పితే ఎక్కడ చూసుకుంటాడు?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కాలనీలు మునిగాయి. వాటితోపాటు ఇళ్ల ముందున్న కార్లూ మునిగాయి. బుడమేటి నీళ్లు చివరికి కొల్లేట్లోకే వస్తాయి. నీళ్లు కొల్లేరు చేరాయి, సరే. మునిగిన కారు ఎక్కడికి చేరుతుంది? కడిగి, తుడిచి, సెంటు కొట్టి నిలబెడితే వరద ఛాయలు ఇట్టే కనిపించవు. తెలిసినవాళ్లు సీటు బెల్టుని ఆఖరు దాకా లాగి చూస్తారు, లోపలి మడతల్లో ఒండ్రు మరక దొరుకుతుందేమోనని. తెలియని కుర్రాడు ఇంట్లోవాళ్ల గాజులు బ్యాంకులో పెట్టి డబ్బు తెస్తాడు. చంటిపిల్లతో సహా ఆ బండెక్కి జాతీయ రహదారి మీద పోతాడు. వైర్లలో తుప్పు నడిరోడ్డు మీద బయటపడితే వాడి గతేమిటి?

అంచేత నాకు తోచిన హద్దు ఇది. కళ్లకి కనిపించేది చెప్పనక్కర్లేదు. ప్రాణానికి ముప్పు తెచ్చేది అడక్కపోయినా చెప్పాలి. పెద్ద ఖర్చు తెచ్చేది, కనిపించకుండా ఉన్నది, అడక్కపోయినా చెప్పాలి. బండి చరిత్రలో మునకలూ, గుద్దుడులూ ఉంటే అవీ చెప్పాలి. సందేహం వస్తే ఒకటే పరీక్ష. ఈ సంగతి తెలిస్తే ఎదుటివాడు వెనక్కి తగ్గుతాడా? తగ్గుతాడని మనసుకి తడితే, అదే చెప్పవలసిన సంగతి. తడుతుంది కూడా. దాచాలని బుద్ధి పుట్టడమే దానికి గుర్తు.

"చెప్తే ఇరవై వేలు తగ్గిస్తాడండీ! నాకేమైనా ఊరికే వచ్చాయా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. అమ్మేవాడూ మనలాంటి గృహస్థే. పిల్ల ఫీజు కోసమో, అప్పు తీర్చడం కోసమో అమ్ముతున్నాడు. కాని ఆ ఇరవై వేలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడండి. బండి బాగుండటం వల్ల రాలేదు. రేపు మెకానిక్కుకి ఆ కుర్రాడు కట్టబోయే ఇరవై వేలే అవి. అంటే ధర తగ్గించుకోవడం మన సొమ్ము పోగొట్టుకోవడం కాదు. వాడి సొమ్ము వాడి దగ్గరే ఉండనివ్వడం.

కొనేవాడు మాత్రం ధర్మరాజా? భర్త పోయాక షెడ్డులో ఉన్న కారు ధర తెలియని ఇల్లాలి దగ్గరికి వెళ్లి, బానెట్ ఎత్తి, లేని జబ్బులన్నీ చదివి, "పాపం మీకోసం తీసుకుంటానమ్మా" అనే ఘనులూ ఉన్నారు. తెలిసినవాడు తెలియనివాడి మీద స్వారీ చెయ్యడమే ఇక్కడ తప్పు. ఆ తెలివి ఏ పక్షాన ఉంటే బాధ్యతా ఆ పక్షానే ఉంటుంది.

బేరంలో మూడో మనిషి ఒకడున్నాడు. వాణ్ణెవరూ పిలవరు. ఆ బండి వెనకాల సైకిలు మీద వచ్చేవాడు. డీజిలు పొగ కేన్సరు కారకమని 2012 జూన్ లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి కేన్సరు పరిశోధన విభాగం తేల్చింది. 2015 లో ఫోక్స్‌వాగన్ వారు, పరీక్ష జరిగేటప్పుడు మాత్రం పొగ తగ్గించే కిటుకు కోటికి పైగా డీజిలు కార్లలో పెట్టామని ఒప్పుకున్నారు. పొద్దున్న మాత్రం పలికే బండికీ, పరీక్షలో మాత్రం మర్యాదగా ఉండే బండికీ తేడా ఏముంది, కంపెనీ పెద్దదవడం తప్ప? ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు బళ్లు తిరగకూడదని 2018 లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 లో కొంత సడలించింది. ఈ లోపల అక్కడి బళ్లు చవగ్గా ఇతర రాష్ట్రాలకి తరలాయి. చవగ్గా వచ్చిందని సంతోషిస్తాం గాని, ఢిల్లీవాడి ఊపిరికి పనికిరాని పొగ భీమడోలువాడి ఊపిరికి పనికొస్తుందా? మైలేజి లాభం మన జేబులోకి, పొగ ఊరందరి జేబులోకీ! కనీసం నాజిళ్లు శుభ్రం చేయించడం, సర్వీసు ఎగ్గొట్టకపోవడం ఆ సైకిలు వాడికి మనం పడ్డ బాకీ అనుకుంటాను.

ఇంకొక్క మాట. డబ్బు చేతులు మారగానే అంతా అయిపోయిందనుకుంటాం. ఫారం 29, ఫారం 30 సంతకాలు పెట్టి బ్రోకరు చేతికిచ్చేసి కాఫీ తాగుతాం. పేరు మాత్రం మారదు. ఆ బండి రేపు ఎవర్నయినా గుద్దితే, రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని 2018 లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. దెబ్బ తిన్నవాడు చేతులు మారిన వరస పట్టుకుని ఊళ్లన్నీ తిరగలేడు గదా! ఈ తీర్పులో నీతి కూడా ఉంది. అమ్మేసినంత మాత్రాన చేతులు దులుపుకోవడం కుదరదు.

ద్వారకా తిరుమల గురించి మన వైపు ఒక నమ్మకం ఉంది. పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చునట గాని, చిన్న తిరుపతి మొక్కు మాత్రం ఎంత పెద్ద కొండకి వెళ్లినా తీరదట, ఇక్కడికే వచ్చి తీర్చుకోవాలట. భక్తుల సంగతెలా ఉన్నా, సంసారులకి ఇది మంచి సూత్రం. బాకీ ఎక్కడ పడితే అక్కడే తీర్చాలి. నిమ్మకాయ లాంటి బండిని బంగారమని అంటగట్టి, ఆ లాభంలోంచి ఓ నూటపదహార్లు హుండీలో వేస్తే స్వామి ఏమంటాడో నాకు తెలీదు. కాని ఆ కుర్రాడి బాకీ మాత్రం హుండీలో చెల్లదు. అది వాడి గుమ్మంలోనే, బేరం రోజునే, నోటితోనే చెల్లించాలి. "బాబూ, మధ్యాన్నప్పూట వేడెక్కితే పలకదు. చూసుకుని ధర చెప్పు" అంటే చాలు.

ఆ మాట అన్నాక కొండకి తీసుకెళ్లి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టుకోమనండి. అప్పుడు నిమ్మకాయలు కింద మాత్రమే ఉంటాయి.