కాలిపట్టెలతో వ్రాలిన డేగ

ఇంగ్లండు దేశమున ఇండ్ల తోటలలో ఒక్కొకప్పుడు కాళ్లకు తోలుపట్టెలును చిఱుగజ్జెలును గల డేగ వచ్చి వ్రాలుచుండును. అది వేటకై పెంచబడి తప్పిపోయినది. అట్టివానిలో హారిసు డేగ ముఖ్యము; దాని జాతికి పుట్టినిల్లు అమెరికా ఖండములు.

చూచినవారు "పాపము, చెఱ వీడినది, పోనిండు" అందురు. వినుటకు దయగల మాటయే. మేము మాత్రము దానిని దయ యనజాలము. ఆ తోలుపట్టె కొమ్మకు చిక్కెనా, పక్షి తలక్రిందుగా వ్రేలాడి ప్రాణము విడుచును. వేటకాడు దానిని దినదినము తూచి, ఆకలి యుండునట్లుగానే మేపును. అది పిడికిటికి మరలి వచ్చుట ఆ ఆకలిచేతనే. ఇట్టి దానికి ఆకాశ మొక్కటియే చాలునా?

కావున ముందుగా కుక్కను లోపల కట్టివేయుడు. ఉప్పుమాంసమును, రొట్టెను వేయకుడు. పచ్చిమాంసపు తునక యొకటి చాలును. మాంసము ముట్టనివారము గదా యని కొందఱు సంకోచింతురు; డేగకు శాకము పెట్టుట కరుణ కాదు. చేతితో పట్టబోకుడు. కాలికడియముమీది యంకెను దూరమునుండియే చదివి, తప్పిపోయిన పక్షుల పట్టిక నుంచువారికి తెలుపుడు. మన దేశమున నైనచో 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ శాసనము డేగలను పట్టి వేటాడించుటను నిషేధించినది గనుక అటవీశాఖవారికే చెప్పవలెను.

మరల చెఱకే యప్పగించుచున్నామా యని మనసు నొచ్చును. నొవ్వవలసినదే. అయినను ఆ పట్టెలు విప్పనేర్చిన చేయి వచ్చువఱకు చెట్టుమీదినుండి చూపు త్రిప్పకుడు.