సంఘమును నిలుపునది ఏది?

ఒకరినొకరు ఎన్నడును చూడని ఇద్దరు వర్తకులలో ఒకడు సరుకు పంపును. రెండవవాడు నెల దినములు గడచిన పిమ్మట సొమ్ము పంపును. ఇద్దరి నడుమ నున్నది ఒక బిల్లు కాగితము. ఆ కాగితము చెల్లుటకు కారణమేమి? ప్రభుత్వ శిక్షాభయమా? ఉభయుల లాభమా? లేక ఈ రెంటికిని అడుగున మరియొక ఆధారము కలదా? సంఘము చెదరిపోక నిలుచుటకు హేతువేమి అను పెద్ద ప్రశ్న ఈ చిన్న ప్రశ్నలోనే ఇమిడియున్నది. ఐరోపా పండితులు దీనినే పలు విధముల విచారించిరి.

ఆంగ్ల తత్త్వవేత్త థామస్ హాబ్స్ 1651లో 'లెవియాథన్' అను గ్రంథమును ప్రకటించెను. అంతకు ముందు 1642 నుండి ఇంగ్లండు అంతర్యుద్ధములతో అల్లకల్లోలమైనది. 1649లో రాజునకే శిరచ్ఛేదము జరిగినది. అందరిని అదుపులో నుంచు అధికారము లేనిచో ప్రతివాడును తక్కినవారికి శత్రువే యగునని హాబ్స్ తలచెను. రేపటిపై భరోసా లేనిచోట పొలము దున్నువాడుండడు, ఓడ నడుపువాడుండడు. కావున జనులు తమ స్వేచ్ఛను ఒక సార్వభౌమునకు అప్పగించి శాంతిని పొందవలెననియు, ఒడంబడికలను నిలబెట్టునది శిక్షాభయమే యనియు ఆయన మతము.

ఇందు సత్యము లేకపోలేదు. న్యాయస్థానము, తూనికల తనిఖీ లేని సంతలో మొదట నష్టపడువాడు నిజాయితీపరుడే. కాని ప్రతి త్రాసు దగ్గరను ఒక పోలీసువానిని నిలుపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. నిలిపినను, ఆ పోలీసువాని చేయి శుభ్రముగా నుండునట్లు చూచువాడెవడు?

పందొమ్మిదవ శతాబ్దమున హెర్బర్ట్ స్పెన్సర్ వేరొక సమాధానము చెప్పెను. పరిశ్రమలు, వర్తకము వృద్ధియైన సంఘములో ఎవరి మేలు కొరకు వారు ఇష్టపూర్వకముగా చేసికొను ఒప్పందములే జనులను కలిపి ఉంచునని ఆయన ఆశ. ఫ్రెంచి పండితుడు ఎమిల్ దుర్ఖైమ్ 1893లో శ్రమవిభజనను గూర్చి వ్రాసిన గ్రంథములో దీనిని ఖండించెను. నేడు ఇద్దరిని మిత్రులను చేసిన లాభమే రేపు వారిని శత్రువులను చేయగలదు. అంతేకాక ఏ ఒప్పందమునకైనను పత్రములోనికి ఎక్కని పునాది యొకటి ఉండును.

వర్తకులకు ఈ మాట సులభముగా బోధపడును. బిల్లులో మూటల లెక్క, ధర, గడువు ఉండును. పొరపాటున ఒక మూట ఎక్కువ వచ్చినచో త్రిప్పి పంపవలెనని అందు ఉండదు. కొన్నవాని ఇంట మరణము సంభవించినపుడు గడువు పొడిగించవలెనని ఉండదు. ఇచ్చిన మాట నిలుపుకొనవలెను అను నియమము సైతము బిల్లులో వ్రాయబడదు. అది ముందుగా సంఘములో ఉన్నందుననే బిల్లునకు విలువ వచ్చినది.

పూర్వ సంఘములలో జనులు పోలికచేత కలిసియుండిరని దుర్ఖైమ్ చెప్పెను. అందరిది ఒకే వృత్తి, ఒకే ఆచారము. ఆధునిక సంఘములో భేదమే కలుపుచున్నది: దర్జీకి నేతవాడు కావలెను, నేతవానికి రైతు కావలెను. అయినను ఈ పరస్పరాధారము న్యాయము తప్పినచో బంధము కాక బాధయగును. 1897లో ఆత్మహత్యలపై ప్రకటించిన గ్రంథములో, వ్యాపారములు కూలినపుడే కాక సంపద హఠాత్తుగా పొంగినపుడు కూడ ఆత్మహత్యలు హెచ్చునని ఆయన వాదించెను. కోరికలకు హద్దు చెప్పు కట్టుబాటు సడలుటయే అందుకు కారణమని ఆయన నిర్ణయము.

బెర్లిన్ పండితుడు జార్జ్ సిమ్మెల్ 1900లో ధనమును గూర్చి వ్రాయుచు, మనుష్యులకు పరస్పర విశ్వాసము లేనిచో సంఘమే విడిపోవునని చెప్పెను. పూర్వము మాల్టా ద్వీపపు నాణెముపై లోహము కాదు, విశ్వాసము అను అర్థముగల లాటిన్ మాటలు ముద్రింపబడెను. నేటి కాగితపు నోటును చూచినవారికి దానికి వ్యాఖ్యానము అక్కరలేదు.

ఈ విశ్వాసము ఎట్లు పుట్టును? జర్మను పండితుడు మాక్స్ వెబర్ 1904లో అమెరికాలో సంచరించి కొన్ని విశేషములు వ్రాసెను. సిన్సినాటిలో ఒక వైద్యుని వద్దకు వచ్చిన రోగి తన జబ్బు చెప్పకముందే తాను ఫలానా బాప్టిస్టు సంఘ సభ్యుడనని చెప్పెనట! ఫీజు తప్పక ముట్టునని దాని భావము. ఉత్తర కరొలైనాలో ఒక యువకుడు చల్లని మడుగులో బాప్తిస్మము పొందుచుండగా, అతడు బ్యాంకు పెట్టదలచినాడని వెబర్ బంధువు చెప్పెను. ఆ సంఘము నడవడిని శోధించి గాని సభ్యునిగా చేర్చుకొనదు. కనుక సభ్యత్వము పరపతి పత్రమువలె పనిచేసెను. ఆ వర్గములవారు నిర్ణయించిన ధరకే బేరము లేక అమ్మెడివారు గనుక పరమతస్థులును వారిని నమ్మిరి.

వెబర్ జైనులను గూర్చియు వ్రాసెను. అహింసావ్రతము వారిని వర్తకమువైపు నడిపినదనియు, వారి వ్యాపార నిజాయితీ పేరుపొందినదనియు ఆయన గమనించెను. దక్షిణ మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటకములలో వ్యవసాయము చేయు జైనులు తరతరములుగా ఉన్నారు గనుక ఆ చిత్రము అసంపూర్ణము. అయినను పరపతికిని శీలమునకును గల సంబంధము ఆయనకు కనబడినది.

ఇక్కడనే ధర్మసందేహము పుట్టుచున్నది. పరపతి కొరకు పాటించు నిజాయితీ నిజాయితీయేనా? పరపతికి సాక్షులు కావలెను. మరల రాని బాటసారి, తూకము తెలియని కూలివాడు, భాష రాని పరదేశి: వీరిని మోసగించినను పరపతికి భంగము రాదు. తమవారికి ఒక నీతి, పైవారికి మరియొక నీతి అను ఆచారము లోకమున చిరకాలము నుండి ఉన్నదని వెబర్ చూపెను. అట్టి విశ్వాసము ఒక కూటమిని మాత్రము నిలుపును, సంఘమును నిలుపలేదు.

తత్త్వార్థసూత్రము అస్తేయ వ్రతమునకు అయిదు అతిచారములను చెప్పినది: దొంగతనమునకు ప్రేరేపించుట, దొంగసొత్తు కొనుట, రాజశాసనమును అతిక్రమించుట, తూనిక కొలతలలో హెచ్చుతగ్గులు చేయుట, మంచి సరుకు పేర నకిలీ అమ్ముట. ఈ పట్టికలో కొనువాడు తనవాడా, పైవాడా అను విచారణ లేదు. పరస్పరోపకారము సకల జీవులకును చెందినదని ఆ గ్రంథమే చెప్పుచున్నది.

చట్టము దుష్టుని ఆపును. లాభము జనులను బజారునకు రప్పించును. ఆ రెండును చూడలేని చోట త్రాసు సరిగా నుంచునది వ్రతబుద్ధి యొక్కటే. ఒక దుకాణమున మోసపోయినవాడు ఆ వీధిలోని ప్రతి దుకాణమును అనుమానించును. ఒకచోట సరియైన తూకము పొందినవాడు తరువాతి దుకాణమున నమ్మి అడుగు పెట్టును. మరల రాని బాటసారికి సరిగా తూచి ఇచ్చినవాడు తాను ఎరుగని వర్తకునికి సైతము మేలు చేయుచున్నాడు.