ప్రాతకత్తి ప్రయోజనము

ఒక వస్తువు దేనికొఱకు చేయబడినదో నిర్ణయించుటకు దాని సొగసు ప్రమాణమగునా? భావనపాడులో నొక గృహస్థుని యింటనున్న ప్రాతకత్తిని గూర్చి జరిగిన చర్చలో మాకీ ప్రశ్న తటస్థించినది. దాని పిడినిండ వెండితీగతో పొదిగిన లతలును, చిలుకల జంటయు గలవు. చూచినవారిలో పలువురు ఇది బొబ్బిలి యుద్ధమునాటి బాకనిరి. ఇంటివారును నమ్మి, యేటేట విజయదశమినాడు దానిని ఆయుధముగా పూజించుచున్నారు.

బొబ్బిలికోట 1757 జనవరి 24వ తేదీన పడిపోయినమాట నిజము. పిమ్మట తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారమున పొడిచి చంపినమాటయు ప్రసిద్ధమే. అంతమాత్రమున మన సీమలోని ప్రతి ప్రాతకత్తియు యుద్ధమునకు పోయివచ్చినదందుమా?

కత్తినే యడుగుదము. అలుగు జానెడైనను లేదు, మిక్కిలి పలుచన. పొడుచు బాకునకు గట్టి వెన్నును, చేయి జాఱకుండ నడ్డును ఉండవలయును. ఇందు రెండును లేవు. మొన యరుగలేదు, వాదర నడుమ మాత్రము పలుమాఱు నూఱుటచే లోనికి క్రుంగినది. పిడి రెండవకొన నొక చీలయు, సన్నని గాడియు గలవు. మఱియొక యవయవము అందు ముడుచుకొని యుండెడిదని ఊహింపవచ్చును. దక్షిణదేశమున వ్రాయసకాండ్ర కత్తిని, గంటమును ఒకే పిడిలో నమర్చుట కలదు. కత్తితో తాటాకుల యంచులు సరిచేసి, గంటముతో అక్షరములు గీసి, మసి పూసి తుడిచెడివారు. ఆనవాళ్లన్నియు ఈ పనికే సరిపడుచున్నవి. ఇంతకంటె బలమైన సాక్ష్యము దొరకువఱకు ఇది వ్రాతపనిముట్టనియే మా నిశ్చయము.

వ్రాతపనిముట్టునకు వెండిపని యేల యని యడుగవచ్చును. అలంకారము యజమాని కలిమిని, పనివాని నేర్పును తెలుపును. వస్తువు చేయు పనిని తెలుపదు. పోకలు కత్తిరించు అడకత్తెరలను సయితము చిలుకలుగా, గుఱ్ఱములుగా మలచిరి కదా!

"ఏదైననేమి? పూర్వులను గౌరవించుటయే గదా ముఖ్యము" అని యొక పెద్దలనిరి. ఈ మాటతో మాకు పొత్తు కుదురదు. లేని యోధుని కల్పించి కొలుచుట, దీపపు వెలుతురున కన్నులు కాయలు కాయ వ్రాసిన తాతను మఱచుటయే. చంపినవానికే కీర్తియని పిల్లలకు నేర్పుటయు నదియే. ఆచారములను పరీక్షించు మార్గమును ఇట్టిదే. పిడిమీద నెన్ని శ్లోకములు చెక్కియున్నను, వాదర ఎచ్చట నరిగినదో, ఎవరిని కోయుచున్నదో చూడవలయును.

ఆ యింటి యటుకమీద తాటాకుల కట్టలు కొన్ని చెదలపాలగుచున్నవి. కత్తికి కుంకుమ, గ్రంథమునకు చెదలు! మఱుగుపడిన తెలుగు గ్రంథములను వెదకించి ప్రతులు వ్రాయించిన బ్రౌను దొర (1798–1884) మన గడపలన్నియు త్రొక్కలేదు. ఆ కట్టలను దింపి, దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె పూసి, చదువనేర్చినవారిచే చదివింపవలయును. ఆ కత్తికి తగిన పూజ యిదియే.